ఎర్ర వలయం ఉన్న ఆరు తూటాలు

లార్చ్ క్రీక్, మోంటానా
శనివారం, 13 నవంబరు 1993

నాన్నకి థోరా రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ సోల్వీగ్ అత్తా క్షేమమని తలుస్తాను అని రాయడం పద్ధతి. రాశాను. అయితే ఇక్కడ అందరం అంటే ఇద్దరం, ఆ ఇద్దరిలో ఒకరు క్షేమంగా లేరు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు నీ ఉత్తరానికి జవాబులు చెప్పనీ. అవి తేలికైనవి.

మంచు పడిందా అన్నావు. పడింది. గుమ్మం ముందు మోకాలి లోతు ఉంది. మంగళవారం కనుమ దారి ఒక పూట మూసేసి మళ్ళీ తెరిచారు. పొయ్యి గొట్టం మార్చావా అన్నావు. మార్చాను, నేనే పైకెక్కి మార్చాను. పక్కింటివాళ్ళు నిచ్చెన పట్టుకోవడానికి కూడా రాలేదు. ఎందుకు రాలేదో కూడా తర్వాత చెప్తాను. నా చేతులెలా ఉన్నాయన్నావు. పచ్చి పలకలు లాగే చేతులు ఎలా ఉంటాయో నీకు తెలియనిదా? సామిల్లులో ఆ పలకల వరసలోనే నువ్వు పదకొండేళ్ళు లాగావు. పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. వేడినీళ్ళలో పెడితే ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. సామిల్లు మూసేస్తారా అన్నావు. రెండో షిఫ్టు తీసేశారు. మేనేజరు ఒకరోజు తప్పంతా అడవి కొట్టనివ్వకుండా అడ్డొచ్చిన గుడ్లగూబదే అంటాడు, ఒకరోజు చవగ్గా కలప అమ్మే కెనడావాడిదంటాడు. వాడి తప్పు మాత్రం ఎన్నడూ ఉండదు. మొన్న భోజనాల దగ్గర వాడి మొహం మీదే అడిగేశాను: "సారూ, గుడ్లగూబ వచ్చి రంపం బెల్టు తెంపిందా, లేక బెల్టు మార్చకుండా మీరు మూడేళ్ళు కూచున్నారా?" అని. పక్కనున్నవాళ్ళంతా పళ్ళేల్లోకి చూశారు. వాడు నవ్వి, "నీకు మీ నాన్న నోరే వచ్చింది, హాల్వర్ కూతురా" అన్నాడు.

నీ నోరు వచ్చింది సరే. ఇంకేం రాలేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ ఉత్తరంలో మూడో పేజీ ఉంది కదా, దాన్ని ఎనిమిది రోజులుగా చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. చెమటకి సిరా అలుక్కుపోయింది గానీ మాటలు కంఠతా వచ్చేశాయి. "నీ తూటాలు నువ్వే చేసుకుంటున్నావు కదా? నాకు బెంగ లేదు. నువ్వు నా పోలిక, చెయ్యి జాగ్రత్త గలదానివి. వాడిలాంటిదానివి కాదు. వాడి పేరు ఇక నాకు రాయకు."

నాన్నా, ఈ ఉత్తరం నిండా వాడి పేరే ఉంటుంది. చించెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి చించు.

ఐనార్ పెదనాన్న పోతున్నాడు. గొంతులో పుండు వేసవిలోనే తెలిసింది. కోయించుకోనన్నాడు. ఇప్పుడు మాట లేదు. మంచినీళ్ళు చెంచాతో పోస్తే సగం దిగుతాయి, సగం గడ్డం మీదుగా కారతాయి. కౌంటీ నర్సు రూబీ గురువారం చూసి, బయటికి పిలిచి, "వారం అనుకో తల్లీ. వారం ఎక్కువేనేమో" అంది. సెప్టెంబరు నుంచి ఆయన్ని మనింటికే తెచ్చుకున్నాను, నీ గదిలోనే ఉంచాను. నీకు చెప్పలేదు. చెప్పకుండా చేసినవాటిలో ఇది చాలా చిన్నది.

మంగళవారం అత్తకి ఫోన్ చేశాను. అత్త కాగితం మీద "ఐనార్ చివరి రోజులు" అని రాసి నీ ముందు పెట్టిందట. నువ్వు ఆ కాగితం తిరగేసి, వెనక వైపు "రాత్రికి ఆలుగడ్డలు చాలు" అని రాసి ఇచ్చావట. అత్త ఏడ్చింది. నాకు మాత్రం నీ మీద ఒళ్ళు మండిపోయింది. టెలిఫోను గోడకేసి కొడదామనిపించింది. అంతలోనే గుర్తొచ్చింది, నిన్ను తిట్టే హక్కు ఊళ్ళో కుక్కకి కూడా ఉంటుంది గానీ నాకు లేదని.

ఎందుకు లేదో రాస్తాను. నీకు తెలిసినవి కూడా రాస్తాను. వరసగా రాస్తే తప్ప నా చేత కాదు.

నీ తుపాకీ తాత కొన్నది, వందేళ్ళు దాటింది. నాది సామిల్లు మొదటి జీతాలతో కొన్న కొత్తది. రెండూ కింది పిడి లాగి తూటా ఎక్కించే లీవర్ తుపాకులే, రెండూ మింగేది ఆ నలభై అయిదు-డెబ్బై సైజు తూటానే. అసలు దరిద్రమంతా అక్కడే ఉంది. కొత్త ఉక్కు ఓర్చుకునే తుపాకిమందు పాత ఉక్కు ఓర్చుకోదు. అందుకే పెదనాన్న నీ కోసం వేరే తూటాలు చేసేవాడు. మెత్తటి సీసం గుండు, కాస్తే మందు. చేసినవాటికి అడుగున, దెబ్బ తగిలితే పేలే క్యాపు చుట్టూ గోళ్ళరంగుతో ఎర్ర వలయం గీసేవాడు. మందుల షాపు మావిస్ ప్రతి ఏడూ అదే పాట పాడేది. "ఐనార్, ఈ ఎరుపు నీకు బానే ఉంటుంది గానీ, పెదాలకి కూడా ఒకటి తీసుకోరాదూ?" ఈయనా తగ్గేవాడు కాదు. "పెదాలకి వద్దులే మావిస్, ఎల్క్ దుప్పులు ముద్దడుగుతాయి."

తూటాలు చేసే షెడ్డులో ఆయన పెట్టిన నియమం ఒకటే. కాల్చిన ఇత్తడి గుల్ల మళ్ళీ నింపేముందు పాత ఎరుపు పూర్తిగా గోకెయ్యాలి. గోకకుండా గుల్ల ముట్టుకుంటే చేతి మీద కొట్టేవాడు. పన్నెండేళ్ళప్పుడు నన్నూ కొట్టాడు.

నీకు తెలుసు కదా, నేను పదో తరగతిలో బడి మానేశాను గానీ చదువు మానలేదు. లైబ్రరీలో తూటాల పుస్తకాలన్నీ తిరగేశాను. ఏ మందు ఎంత వేగంగా మండుతుందో, ఏ గుండు ఎంత దూరానికి ఎంత వంగుతుందో అన్నీ నోటికి వచ్చేవి. ఆ చదువుతో నాకు పొగరెక్కింది. పుస్తకంలో ఇంతకు మించి మందు పొయ్యొద్దన్న చివరి గీత పిరికివాళ్ళ కోసం గీశారనుకున్నాను. గీత దాటి నింపాను. నా తుపాకీ ఓర్చుకుంది. కాకపోతే కాల్చాక లీవర్ బిగుసుకుపోయేది. ఒకసారి పెదనాన్న చూశాడు.

"అదేంటే, లీవర్ని మోకాలితో తన్ని తెరుస్తున్నావు?"

"కొత్తది కదా పెదనాన్నా, బిగువు."

"బిగువు కాదే పిచ్చిదానా. తుపాకీ నీ కాళ్ళు పట్టుకుని బతిమాలుతోంది. మందు తగ్గించు."

తగ్గిస్తానన్నాను. తగ్గించలేదు.

తొంభై ఒకటి అక్టోబరు, వేట సీజను తెరిచేముందు శుక్రవారం. నాకు ఇరవై తూటాలు కావాలి. శుభ్రం చేసిన గుల్లలు పధ్నాలుగే ఉన్నాయి. షిఫ్టు చేసొచ్చి ఒళ్ళు హూనమైంది. పెదనాన్న బకెట్‌లోంచి ఆరు గుల్లలు తీశాను. అడుగున ఎర్ర వలయాలు అలాగే ఉన్నాయి. గోకాలి. ఒక్కోదానికి ఒక నిమిషం పడుతుంది, అంతే నాన్నా, ఆరు నిమిషాలు. గోకలేదు. నా తూటాలు నాకు తెలియవా అనుకున్నాను. నా మందు పోశాను, గీత దాటించి పోశాను. గట్టి గుండు నొక్కాను. ఆరింటినీ చెక్క దిమ్మలో నిలబెట్టి, పొద్దున డబ్బాలో వేద్దాంలే అని బల్ల చివర వదిలేసి వెళ్ళి పడుకున్నాను.

పొద్దున నేను లేచేలోగా నువ్వు షెడ్డులోకి వెళ్ళావు. పెదనాన్న బయట గుర్రానికి జీను కడుతున్నాడు. నా కిటికీలోంచి మీ మాటలు వినపడ్డాయి.

"ఎర్రవి తీసుకోనా అన్నయ్యా?"

"తీసుకోరా. నన్నడుగుతావేం, నీ కోసం చేసినవేగా."

దుప్పట్లో వెచ్చగా ఉంది. నాకేమీ తట్టలేదు. మళ్ళీ నిద్రపోయాను.

తర్వాతది నీకే తెలుసు. గుట్ట మీద దుప్పి కనపడింది, నువ్వు మొదటి గుండు వదిలావు, తాత తుపాకీ నీ మొహం ముందే పగిలింది. కుడి కన్ను పోయింది, రెండు వేళ్ళు పోయాయి. సామిల్లు సగం తినేసిన చెవుల్ని ఆ పేలుడు పూర్తిగా తినేసింది. యాభై ఎనిమిదేళ్ళ పెదనాన్న నిన్ను వీపున కట్టుకుని నాలుగు మైళ్ళు దిగాడు. నెత్తురు వాసనకి గుర్రం బెదిరి పారిపోయిందట.

నీ బెల్టులో ఇంకా అయిదు మిగిలాయి. రెండో రోజు పొద్దున పెదనాన్న వాటిని షెడ్డుకి తెచ్చి ఒక్కొక్కటే గుండు పీకి చూశాడు. నేను వెళ్ళేసరికి బల్ల మీద అయిదు సాసర్లు ఉన్నాయి, అయిదింటిలో మందు. ఆయన వాడే మందు సన్నటి రేకుల్లా ఉంటుంది. సాసర్లలో ఉన్నది పుల్లముక్కల్లా ఉంది. మన షెడ్డులో ఆ మందు నాకు తప్ప ఎవరికీ లేదు.

"ఇది నీదా?"

నేను ఒక సాసర్లోని పుల్లముక్కల్ని వేలితో కదిపాను.

"నీదే," అన్నాడు. కేకలేస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన సాసర్లు ఒకదాని తర్వాత ఒకటి గుమ్మం బయట మంచు మీద కుమ్మరించి అగ్గిపుల్ల గీశాడు. భుస్సుమని మండి నల్లటి మచ్చ మిగిలింది. మచ్చ మీద బూటుతో మంచు తోసి, "అయిపోయింది. నోరు తెరిచావంటే నిన్ను నేనే చంపుతాను" అన్నాడు.

"పెదనాన్నా, నాన్నకి చెప్పాలి."

"చెప్పి? అన్న మీద పగపట్టి మనిషి బతకగలడే. కూతురి మీద పగపడితే ఎక్కడికి పోతాడు?"

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో నీకు వినపడక, ఆయన కాగితం మీద రాసి చూపించాడు. "తప్పు నాది. కళ్ళు ఆనక మందు రెండుసార్లు పోశాను." నువ్వు మిగిలిన కంటితో చదివావు. కాగితం ఉండ చేసి ఆయన ఛాతీ మీదికి విసిరావు. "పో" అన్నావు. నీ గొంతు నీకు వినపడదు గనక ఎంత గట్టిగా అరిచావో నీకు తెలియదు. వార్డంతా తిరిగి చూసింది. ఆయన వంగి ఉండ ఏరుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను మంచానికి అవతలి పక్కన నిలబడి ఉన్నాను. నీ నీళ్ళ గ్లాసు నా చేతిలో ఉంది. కాగితమూ పెన్సిలూ నీ ఒళ్ళోనే ఉన్నాయి. చెయ్యి చాపితే అందేవి. నువ్వు నా వైపు తిరిగి, "నువ్వున్నావు కదే, చాలు" అన్నావు. నేను గ్లాసు నీ పెదాలకి ఆనించాను.

మీ అన్నదమ్ముల్ని విడదీసింది తూటా అనుకుంటే తప్పు. ఆ గ్లాసు.

ఆ తర్వాత నువ్వు హావర్‌కి, అత్త దగ్గరికి వెళ్ళిపోయావు. ఇక్కడేం జరిగిందో నీకెవరూ రాయలేదు. నేనూ రాయలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో సగం మంది తుపాకులకి ఆయనే తూటాలు చేశాడు. వాళ్ళంతా వారంలోగా వచ్చి తమ ఇత్తడి గుల్లలు తాము పట్టుకుపోయారు. కొందరు ఆయన చేసినవన్నీ ఏటిలో పారబోశారు. బార్‌లో ఒకడు, "ఎలుగుబంటి ఎదురైతే బతకొచ్చు, ఐనార్ తూటా జేబులో ఉంటే మాత్రం కష్టం" అన్నాడు. ఆయన బిల్లు కట్టి లేచొచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. పక్కింటివాళ్ళు నిచ్చెన పట్టుకోవడానికి రాలేదన్నాను కదా, ఆయన్ని ఇంట్లో పెట్టుకున్నానని. తమ్ముణ్ణి గుడ్డివాణ్ణి చేసినవాడికి ఆ తమ్ముడి కూతురే సేవలు చేస్తోందని. నేను పుణ్యాత్మురాలిననేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ఎదురైతే నేను వీధి దాటి అవతలికి పోతాను.

ఇక నీ మిగతా ప్రశ్నలు. నా కొత్త తుపాకీ అమ్మేశావా అన్నావు. అమ్మలేదు. ఈ ఇంట్లోంచి తుపాకీ ఎవరూ కొనరు. నేనైతే మిల్లు రంపం కింద పెడదామనుకున్నాను. పెదనాన్నే పడనివ్వలేదు. చేతులు ఆడినన్నాళ్ళూ ప్రతి ఆదివారం దానికి నూనె పట్టించాడు. "అదేం తప్పు చేసింది?" అనేవాడు. తూటాలు చేసుకుంటున్నావా అన్నావు. ఆ శుక్రవారం తర్వాత ఒక్కటి చెయ్యలేదు. పోయినేడు నీకు పంపిన ఎండుమాంసం నేను కొట్టింది కాదు. లారీ తోలే డెల్బర్ట్ ఇచ్చిన మాంసం. "నీ తూటాతో పడగొట్టావా, శెభాష్" అని నువ్వు రాస్తే, అవునని జవాబిచ్చాను. చూశావా, నీ పోలిక!

రెండేళ్ళు ఎందుకు ఊరుకున్నావని అడుగుతావు. ఆయన వద్దన్నాడని రాస్తే తేలిక. అది అబద్ధం. నాకు భయమేసింది. నీకు నేను తప్ప ఎవరూ లేరు అని నువ్వనుకుంటావు గానీ, నాన్నా, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. అది పోతుందని భయం. దానికోసం ఆయన పేరు, ఆయన పని, ఆయన తమ్ముడు, మూడూ తిన్నాను. ఆయన పోయే ముందు రాస్తున్నాను, బాగున్నప్పుడు కాదు. ఇది కూడా పిరికితనమే. ఆయన లేచి తిరుగుతున్నప్పుడు రాసుంటే, ఆయన బార్‌లో తలెత్తి కూచునేవాడు. ఇప్పుడు ఎవడికి కావాలి నా నిజం?

ఇవాళ మధ్యాహ్నం ఆయనతో చెప్పాను, నీకు అంతా రాస్తున్నానని. మాట లేదు గనక, నేను మిల్లు నుంచి తెచ్చే చెక్క ముక్కల మీద వడ్రంగి పెన్సిలుతో రాస్తాడు. చదివాక పొయ్యిలో పడేస్తాం. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం. నిన్న రూబీ సూప్ తాగించిపోయాక, "ఈ సూపు కన్నా నా రోగమే నయం" అని రాశాడు. ఇవాళ మాత్రం, "వద్దు" అని రాశాడు.

"ఎందుకొద్దు?"

"వాడికి ఉన్నది ఒక్క కూతురు."

"ఉన్నది ఒక్క అన్న కూడా."

చెక్క ముక్క నా మీదికి విసరబోయి, బలం చాలక పక్క మీదే వదిలేశాడు. గోడ వైపు తిరిగాడు. నేను పొయ్యిలో కట్టెలు వేశాను, నేల తుడిచాను, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. చాలాసేపటికి పెన్సిలు గీకుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూశాను. రెండు పంక్తులు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేసి ఉన్నాయి.

"కనుమ దగ్గర చలి. పెద్ద కోటు వేసుకోమను."

దాన్ని పొయ్యిలో వెయ్యలేదు. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. అది నా మాట కాదని నీకు తెలియాలి.

పోస్టులో వేస్తే ఇది నీకు గురువారానికి గానీ చేరదు. అప్పటికి పనికిరాదు. డెల్బర్ట్ రేపు పొద్దున పలకల లోడుతో హావర్ వస్తున్నాడు. చీకటి పడేలోగా అత్త ఇంటి తలుపు తట్టి, నీ చేతికే ఇస్తాడు. రాత్రి అక్కడే లారీలో పడుకుని సోమవారం పొద్దున ఖాళీ బండితో వెనక్కి బయల్దేరతాడు. ధాన్యం గోదాము పక్కన పెట్రోలు బంకు దగ్గర ఏడింటిదాకా ఆగుతాడు. "మీ నాన్న రాడే పిల్లా, వాడి మొండితనం నాకు తెలియదా?" అన్నాడు. నాకూ తెలుసన్నాను. "మరి నన్నెందుకు ఆగమంటావు?" అన్నాడు. నోరు మూసుకుని ఆగమన్నాను. ఆగుతానన్నాడు.

నువ్వు రావు. ఈ ఉత్తరం చదివాక ఆయన మీద కోపం పోతుంది గానీ, దాని చోట ఇంకోటి వస్తుంది. అది నిన్ను కుర్చీలోంచి లేవనివ్వదు. నాకు తెలుసు. ఒకవేళ వచ్చినా దారి మూసెయ్యొచ్చు, తెరిచున్నా ఆయన ఆగకపోవచ్చు. నన్ను చూడకుండా ఉండాలంటే అత్త చేత ఫోన్ చేయించు, నువ్వొచ్చేలోగా నేను మిల్లు షెడ్డులోకి పోయి పడుకుంటాను. ఇంటికి తాళం వెయ్యను. ఆయన మాట్లాడలేడు, నువ్వు వినలేవు. మీ ఇద్దరి మధ్య ఇక ఎవరూ అబద్ధం చెప్పలేరు.

డెల్బర్ట్ లారీకి కుడి పక్క తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. అద్దం మీద కొట్టు, వాడే దిగొచ్చి తీస్తాడు. సీటు మీద వాడి సామానంతా తీయించేశాను.

ఇట్లు,
నీ కన్నూ చెవులూ, నీ అన్ననీ తీసేసిన
నీ కూతురు
థోరా